ఈ నొప్పి యాడిది?

వానలు ముఖం చాటేసిన ఆ ఏళ్లలో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న కర్ణాటక పావగడ తాలూకాలో చేతినిండా పని ఉందంటే అది బావులు తవ్వేవాళ్లకే. నీళ్లు ఎంత లోతుకు పోతే వాళ్లకు అంత పని. కొల్లప్ప పద్దెనిమిదో ఏట గునపం పట్టాడు. ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి నిడుగల్లు చుట్టుపక్కల అతను దిగని బావి లేదు. బండ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, ఆ చప్పుడు విని, ఇది చేత్తో పగిలే రాయో, తోటా పెట్టి పేల్చాల్సిన రాయో చెప్పేసేవాడు. రైతులు అతని మాట మీదే మందుగుండు తెప్పించుకునేవాళ్లు.

ఎనభై ఆరో సంవత్సరం శివరాత్రి పోయాక అతను నరసప్ప బావిలోకి దిగాడు. నరసప్ప ఎనిమిదెకరాల రైతు. ఏటా వేరుశనగ వేసేవాడు, ఏటా ఆకాశం వైపు చూసేవాడు. అరవై అడుగుల బావిలో అడుగున ఇంత బురద తప్ప ఏమీ లేదు. ఇంకో పన్నెండు అడుగులు దించితే ఊట తగలకపోతుందా అని ఆశ. పైన గిలక దగ్గర తాడు లాగడానికి ముగ్గురు కావాలి. ఇద్దరు కూలివాళ్లను పెట్టుకుని, మూడో మనిషిగా నరసప్పే నిలబడ్డాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రాళ్ల గంప సగం దూరం పైకి పోయాక తాడు జారింది. గంప మూరెడు కిందికి దిగి, గట్టిగా కుదుపు ఇచ్చి ఆగింది. ఆ కుదుపుకు మీదున్న రాయి ఒకటి దొర్లింది. అడుగున వంగి రాళ్లు ఏరుతున్న కొల్లప్పకు పైనుంచి కేక వినబడింది. తల ఎత్తేలోపలే రాయి నడుము మీద పడింది. ఆ క్షణంలో నొప్పి తెలియలేదని, కళ్ల ముందు అంతా తెల్లగా అయిపోయిందని తర్వాత చెప్పేవాడు.

అదే గంపలో కూర్చోబెట్టి పైకి లాగారు. నరసప్ప బండి కట్టించి, రోడ్డు మీదికి తీసుకొచ్చి, లారీ ఆపి, పావగడలో ఎముకల డాక్టరు దగ్గరికి చేర్చాడు. డాక్టరు ఫోటో తీయించి చూసి, వెన్నెముక పక్క ఎముకకు చిన్న చీలిక వచ్చిందని, దానంతట అదే అతుక్కుంటుందని, మూడు నెలలు వంగొద్దు, బరువెత్తొద్దు అని చెప్పాడు. ఇంగ్లీషులో ఒక చీటీ రాసిచ్చాడు. నరసప్ప ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మందులు నేను తెచ్చిస్తా. దాని గురించి నువ్వేమీ తలపోసుకోవద్దప్పా" అన్నాడు.

ఆ మందు ఎర్రటి గొట్టం మాత్ర. సగం ఎరుపు, సగం ఇంకా ముదురు ఎరుపు. మొదటిది మింగిన అరగంటకు కొల్లప్పకు నడుము మీదున్న బండను ఎవరో మెల్లగా పక్కకు జరిపినట్టైంది. గాయం పోలేదు, అక్కడే ఉంది. కానీ అది పక్కింటివాళ్ల గొడవలా దూరంగా వినబడుతోంది. ఆ రోజు హాయిగా నిద్రపోయాడు. పక్కన కూర్చున్న రంగక్క మొగుడి ముఖం చూసి, ఆ డాక్టరు చల్లగుండాల అని దండం పెట్టుకుంది.

నరసప్ప వేరుశనగ వ్యాపారం పని మీద వై.ఎన్.హొసకోటకు పోతుంటాడు. అక్కడ అంజినప్ప మెడికల్ షాపులో ఆ చీటీ చూపించి మాత్రలు తెచ్చేవాడు. ఒక్కో తూరి పదిహేను రోజులకు సరిపడా. రోజుకు మూడు. మూడు నెలలు గడిచాయి. కొల్లప్ప లేచి కూర్చున్నాడు, నడిచాడు, ఇంటి ముందు వేపచెట్టు దాకా పోయి వచ్చాడు. అయినా మాత్ర మింగి నాలుగైదు గంటలయ్యేసరికి నొప్పి మళ్లీ వచ్చేది. మూడు చాలక నాలుగు, నాలుగు చాలక ఐదు. దసరా వచ్చేసరికి రోజుకు ఆరు.

నొప్పి ఎక్కడని అడిగితే అతను చెప్పలేకపోయేవాడు. పొద్దున నడుములో ఉండేది. మధ్యాహ్నానికి తొడల్లోకి దిగేది. సాయంత్రానికి ఎముకల్లో ఉందో, చర్మం కింద ఉందో, అసలు ఒంట్లోనే ఉందో లేదో తెలిసేది కాదు. మాత్ర మింగితే మాత్రం అన్నిచోట్లా ఒకేసారి తగ్గేది. రాయి పడింది ఒకచోటే కదా, ఇన్నిచోట్ల నొప్పేమిటి? తనలో తను లెక్క వేసుకునేవాడు. లెక్క తేలకముందే కునుకు పట్టేది. ఒకరోజు రంగక్క పొలం నుంచి వచ్చేసరికి సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. ముద్ద ఎండి పైన పెచ్చు కట్టింది.

"ఏమయ్యా, తిన్లేదా?"

"తిన్నట్టే ఉండాది మే" అన్నాడు అతను. నిజంగానే తిన్నాననుకున్నాడు.

ఊళ్లో కొందరు పాపం అన్నారు. కొందరు నరసప్ప మాత్రలకు డబ్బు పెడుతున్నన్నాళ్లూ కొల్లప్ప నడుము బాగుపడదు అన్నారు. ఆ మాట కొల్లప్ప చెవిన కూడా పడింది. కోపం రాలేదు. అది నిజమేమో అని భయం వేసింది. మనిషికి తెలియకుండా మనిషి నాటకం ఆడగలడా? ఎవరిని అడగాలి?

ఆ ఏడు కూడా వేరుశనగ పూత రాలి ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన ఎగ్గొట్టింది. పీకిన చెట్టుకు రెండు మూడు కాయలు, అవీ పప్పు లేని తప్పలు. నరసప్ప పైరును గొర్రెలకు వదిలేశాడు. బావి పని కూడా ఆనాడు ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. ఉగాది దాటాక ఒక పొద్దున అతను కొల్లప్ప ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. 

"కొల్లప్పా, నిజం చెప్పు. ఇంగా నొస్తాందా?"

కొల్లప్ప నోరు తెరిచాడు. నొస్తోంది అంటే అప్పుడే మాత్ర మింగాడు కాబట్టి నొప్పి లేదు. నొప్పి లేదు అంటే ఇంకో నాలుగు గంటలకు ఉంటుంది.

"ఇప్పుడు లేదన్నా. వస్తాది" అన్నాడు.

నరసప్ప అతని ముఖం వైపు కాసేపు చూశాడు. జేబులోంచి చీటీ తీసి రంగక్క చేతిలో పెట్టాడు. "నా చేతిలో ఏమీ లేదమ్మా. ఇంగ మీరే తెచ్చుకోండి. చేతనైనప్పుడు సగం ఇస్తా" అని తల వంచుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసింది రంగక్కకు ఆ మాత్రల ధర. ఆమె రోజంతా ఎండలో చెరువు పూడిక మట్టి మోస్తే వచ్చే కూలిలో సగం పైగా ఆ ఆరు మాత్రలకే పోతుంది. మిగిలిన దానితో రాగులు, ఉప్పు, కిరసనాయిలు.  రెండు వారాలు తెచ్చింది. తను ఒంటిపూట తింది. అతనికి అది కనబడింది కూడా. కనబడినా మాత్ర అందుకోవడానికి చెయ్యి చాచకుండా ఉండలేకపోయాడు. ఆ చెయ్యి తనదేనా అని దాని వైపు చూసుకున్నాడు.

మూడో తూరి పోయినప్పుడు అంజినప్ప మాత్రలు ఇవ్వలేదు. మడతల దగ్గర చీటీ నాలుగు ముక్కలైంది. చెమటకు సిరా అలుక్కుపోయింది. "దీంట్లో ఏముండాదో నాకే కనపడ్లేదు తల్లీ. తనిఖీకి వస్తారంట. ఇంగో చీటీ రాయించుకోని రా" అన్నాడు. రంగక్క ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

ఇంట్లో మిగిలినవి రెండే. అవి అయిపోయిన మర్నాటి పొద్దున కొల్లప్పకు ఆవలింతలు మొదలయ్యాయి. ఆపకుండా ఆవలింతలు. కళ్లనుంచి, ముక్కునుంచి నీళ్లు. చైత్రమాసపు ఎండలో చలి, చలిలో చెమట. కడుపు మెలిపెట్టి ఐదారుసార్లు బయటికి పరిగెత్తాడు. కాళ్లు ఎవరో లాగినట్టు వాటంతట అవే తన్నుకున్నాయి. నడుము సంగతి చెప్పనే అక్కర్లేదు, రాయి ఆ పొద్దే పడినట్టుంది.

"ఎముక లోపల కుళ్లిపోయిందేమోనే" అని ఏడ్చాడు. అతను ఏడవడం రంగక్క అంతవరకు చూడలేదు. రెండో రోజు అతణ్ణి బస్సెక్కించి హొసకోట సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆమెకు కావలసింది ఒక్కటే, కొత్త చీటీ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, మైసూరు వైపు నుంచి కొత్తగా వచ్చింది. ఆమె కన్నడంలో అడిగింది, కొల్లప్ప తెలుగులో చెప్పాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేకుండా అర్థమైంది. రంగక్క కొంగు ముడి విప్పి చీటీ ముక్కలు నాలుగూ బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ వాటిని అటూ ఇటూ జరిపి కలిపింది. కిటికీ వెలుతురులోకి వంచి చదివింది. మళ్లీ చదివింది.

"ఈ మాత్రలు ఎన్ని రోజులు మింగావు?"

"పదమూడు నెలలమ్మా."

"ఇక్కడ రాసింది ఐదు రోజులకు."

 బయట ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

"ఐదు రోజులకే రాశారు. తర్వాత వచ్చి చూపించుకోమని కింద ఉంది. ఇన్నాళ్లు తినమని ఎవరు చెప్పారు?"

కొల్లప్ప రంగక్క వైపు చూశాడు. రంగక్క అతని వైపు చూసింది. ఎవరు చెప్పారు? నరసప్ప తెచ్చిచ్చాడు, డాక్టరు చెప్పాడు కాబట్టి తెచ్చాడనుకున్నారు. అంగడిలో ఇచ్చారు, చీటీలో ఉంది కాబట్టే ఇస్తున్నారనుకున్నారు. తినమని చెప్పిన మనిషి కోసం కొల్లప్ప తన తలలో వెతికాడు. ఆ చోట ఎవరూ లేరు.

"అట్లైతే ఈ నొప్పి యాడిదమ్మా?" అన్నాడు చివరికి.

"కొంత నీ నడుముది. మిగిలింది ఆ మాత్రది."

"మాత్రకు నొప్పేందమ్మా? మాత్ర నొప్పిని తీసేది గదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. మందు ఒంటికి అలవాటు పడితే, అది అందనప్పుడు ఒళ్లే నొప్పిని పుట్టించి అడుగుతుందని చెప్పింది. నువ్వు అబద్ధం చెప్పడం లేదు, నీ ఒళ్లూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఎముక ఎప్పుడో అతుక్కుంది అంది. ఒక్కసారిగా మానొద్దు, వారానికి ఒకటి చొప్పున తగ్గించు అని కాగితం మీద గీతలు గీసింది. మొదటి వరుసలో ఐదు గీతలు, రెండో వరుసలో నాలుగు, అలా ఒకటి దాకా. చదువు రాని రంగక్కకు కూడా అది తెలిసింది. ఆమె కాగితం తీసుకుని మడవకుండా అరచేతిలో పెట్టుకుంది.

దారిలో ఇద్దరూ అంజినప్ప షాపు దగ్గర ఆగారు. రంగక్క జరిగినదంతా చెప్పి, "నీకు చదువొస్తాది గదన్నా, ఐదు దినాలని కనపడ్లేదా?" అని అడిగింది.

అంజినప్ప ముఖం నల్లబడింది. "కనపడినాది తల్లీ. నరసప్ప పదైదు దినాలకు ఇయ్యమన్యాడు. డాక్టరు నోటితో చెప్పింటాడులే అనుకున్యా. ఇయ్యకపోతే మడిసి నొప్పితో అల్లాడతాండాడు, ఈయప్పకు కనికరం లేదంటారు. ఇస్తే ఇట్లాయ" అన్నాడు. కొత్త కాగితం చూసి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ రోజుకు డబ్బులు తీసుకోలేదు.

రంగక్క మాత్రలు ఒక డబ్బాలో వేసి తన దగ్గర పెట్టుకుంది. మొదటి వారం ఐదు. ఫరవాలేదు. రెండో వారం నాలుగు. చెమటలు, ఆవలింతలు. మూడో వారం మూడు అయ్యేసరికి కొల్లప్పకు ప్రపంచంలో మాత్ర తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది. ఒకరోజు రంగక్క మట్టి పనికి పోయాక, దేవుడి పటం వెనక దాచిన పది రూపాయల నోటు తీసుకుని బస్సెక్కాడు.

అంజినప్ప దగ్గరికి పోవడానికి ముఖం చెల్లలేదు. బస్టాండు అవతల ఇంకో మెడికల్ షాపు ఉంటే అక్కడికి పోయాడు. చీటీ అడుగుతారని భయపడుతూ మాత్ర పేరు చెప్పాడు. అక్కడి మనిషి తల ఎత్తకుండానే పది మాత్రల అట్ట తీసి బల్ల మీద పడేశాడు. చీటీ అడగలేదు, పేరు అడగలేదు, ఎవరికని అడగలేదు. కొల్లప్ప దాన్ని పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. చీటీ చిరిగిందని రెండు రోజులు నరకం చూసింది దేనికి? చీటీ అక్కర్లేకపోతే ఐదు రోజులని రాయడం దేనికి? 

బస్టాండులో అట్ట విప్పి ఒక మాత్ర మింగాడు. మింగి చూస్తే, ఎదురుగా సిమెంటు బెంచీ మీద నరసప్ప కూర్చుని ఉన్నాడు. సంతలో ఎద్దుల జతను అమ్మి వచ్చాడట. చేతిలో పలుపుతాళ్లు మాత్రం ఉన్నాయి.

"డాక్టరమ్మ చెప్పిందంతా రంగక్క నాకు చెప్పినాది" అన్నాడు నరసప్ప, పక్కకు జరిగి చోటిస్తూ. "నేను చేసిన పనే. నెలకొకతూరి నిన్ను తీసకపోయి చూపించింటే సరిపోతాండె. అంగిడి అంజినప్పకు తెలుస్తాదిలే అనుకున్యా."

కొల్లప్ప కూర్చున్నాడు. చాలా రోజులుగా అడగని మాట నోట్లోంచి వచ్చేసింది. "అన్నా, ఆ పొద్దు తాడు జారింది నీ చేతిలోంచేనా?"

నరసప్ప పలుపుతాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. "ముగ్గురం పట్టుకోనుంటిమి. ఎవురి చేతిలోంచి ముందు జారినాదో నాకు తెల్దు కొల్లప్పా. ఒట్టు. వాళ్లిద్దరినీ అడిగినా, వాళ్లకూ తెల్దు. నాదేనేమో అనుకున్యా. కాదేమో అనీ అనుకున్యా. నువ్వు మాత్ర మింగి పండుకున్యావని రంగక్క చెప్తే ఆ పూట నాకు అన్నం దిగుతాండె. దిగకపోతే మళ్లా హొసకోటకు పోయి ఇంగో పది తెస్తాంటి."

ఇప్పుడు కోపం రావాలా? నా కోసం తెచ్చాడా, తన కోసమే తెచ్చుకున్నాడా? ఏడాది పైగా డబ్బు పోసి ఎద్దుల దాకా తెచ్చుకున్న ఈ మనిషి మేలు చేశాడా, కీడు చేశాడా? కొల్లప్ప అతని ముఖంలో జవాబు వెతికాడు. అక్కడ కూడా తనలాంటి అయోమయమే కనబడింది. ఇంతలో బస్సు వచ్చింది. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని ఊరికి వచ్చారు.

ఇంటికి రాగానే అట్ట తీసి రంగక్క ముందు పెట్టాడు. "నోటు నేనే తీసినా. ఒకటి మింగినా. తొమ్మిదుండాయి."

ఆమె కేకలు వేస్తుందనుకున్నాడు. ఆమె అట్ట తీసుకుని, తొమ్మిదీ విప్పి డబ్బాలో వేసింది. "రేపట్నించి మళ్లా మూడే" అంది. డబ్బా మూత పెడుతూ, "చెప్పినావు గదా, చాలు" అంది.

డాక్టరమ్మ గీసిన గీతల ప్రకారం ఐదు వారాలు కావలసింది పది వారాలు పట్టింది. ఒకటి దగ్గర మూడు వారాలు ఇరుక్కుపోయాడు. చివరి మాత్ర ఏ రోజు మింగాడో ఇద్దరికీ గుర్తు లేదు. ఒక పొద్దున రంగక్క డబ్బా తెరవడం మరిచిపోయి పనికి పోయింది, అతనూ అడగడం మరిచిపోయాడు. అంతే.

నొప్పి పూర్తిగా పోలేదు. చలిగాలికి, ఎక్కువసేపు నిలబడితే, నడుములో ఒకచోట పట్టేసేది. కానీ ఒకచోటే. వేలు పెట్టి చూపించగలిగే చోట. ఇక బావిలోకి దిగలేడని మాత్రం తేలిపోయింది. ఊళ్లో ఎక్కడో సుత్తి చప్పుడు వినబడితే, ఆ రాయి ఎలాంటిదో మనసులో చెప్పుకునేవాడు, ఎవరూ అడగకపోయినా.

ఆషాఢంలో రెండు జల్లులు పడ్డాయి. రైతులు మళ్లీ విత్తనానికి తయారయ్యారు. విత్తనానికి వేరుశనగ కాయలను, అక్కడి మాటలో బుడ్డలను, ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చేత్తో ఒలుస్తారు, మిషన్లో వేస్తే పప్పు పగులుతుందని. కూర్చుని చేసే పని అదొక్కటే. కొల్లప్ప పోయి వాళ్ల మధ్య కూర్చున్నాడు. మొదటి రోజు ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "బండలు పగలగొట్టినోడు బుడ్డలు పగలగొడతాండాడు" అన్నారు. మూడో రోజుకు నవ్వు ఆగింది. అతని వేళ్లు మొద్దువి, మెల్లగా ఒలిచేవాడు, కానీ ఒక్క పప్పూ పగలనిచ్చేవాడు కాదు.

పక్కన కూర్చునే మారక్క యాభై దాటిన మనిషి. ఒక మధ్యాహ్నం మోకాళ్లు రుద్దుకుంటూ ఆమె అడిగింది.

"కొల్లప్పా, నువ్వు మింగుతాంటివే ఎర్ర మాత్ర, దాని పేరేంది? లేస్తే కూచ్చోలేను, కూచ్చుంటే లేయలేను. నొప్పి తగ్గుతాదంట గదా?"

కొల్లప్ప చేతిలో కాయ అలాగే ఆగింది. తగ్గదు అంటే అది అబద్ధం. ఆ మొదటి రోజు బండను పక్కకు జరిపింది ఆ మాత్రే. తగ్గుతుంది అంటే... ఆ తర్వాతి మాట ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"తగ్గుతాది మారక్కా" అన్నాడు. "తగ్గుతాది గానీ..."

"గానీ ఏంది?"

"సర్కారు ఆస్పత్రిలో ఆ డాక్టరమ్మను అడుగు. మాత్ర ఒక్కటే అడగొద్దు. ఎన్ని దినాలు మింగాల్నో అడుగు. మళ్లా ఎప్పుడు రావాల్నో అడుగు. రెండుతూర్లు అడుగు."

"ఇన్ని అడిగేకి నాకు నోరు యాడుండాదప్పా" అని మారక్క కాయలు ముందుకు లాక్కుంది.

"నేనొస్తా నీ తోడు" అన్నాడు కొల్లప్ప. ఆమె అతని వైపు విచిత్రంగా చూసి, సోమవారం పోదామంది. ఇద్దరూ మళ్లీ ఒలవడం మొదలుపెట్టారు.